మిగిలిన మేత

మావయ్య పోయాడు. మంగళవారం పొద్దున్న అపార్ట్‌మెంట్ గేటు తీసి, నీళ్ళ ట్యాంకర్‌ని లోపలికి పంపించి, వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. అత్త ఫోన్ చేసేసరికి నేను కంపెనీ బస్సులో ఉన్నాను. "అమ్మీ, మీ మావయ్య ఎలిపోనాడే" అంది, అంతే. బస్సు ఆపించి దిగి, షేర్ ఆటో ఎక్కి గాజువాక వెనక్కి వచ్చేశాను. దారి పొడుగునా ఏడవలేదు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ నా మొహం చూసి కాస్త అటు జరిగింది.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు మెత్తగా రావడం లేదు. ఇది కోపంతో రాస్తున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

మావయ్యకీ నాకూ చుట్టరికం లేదు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేం గుడికి. వాళ్ళకి పిల్లల్లేరు. చిన్నప్పుడు నేను మా ఇంట్లో కన్నా వాళ్ళింట్లోనే ఎక్కువ తిన్నాను. ఆయన ఊరి బయట మందులు పరీక్షించే ఒక లాబ్‌లో అటెండర్. లాబ్ అంటే తెల్లకోటు వేసుకున్నాడనుకోకండి. కుందేళ్ళు ఉండే చోటుని అక్కడ యానిమల్ హౌస్ అంటారు. ఆ బోనులు కడగడం, మేత పెట్టడం ఆయన పని. నేను డిగ్రీ పూర్తి చేసిన నెలలోనే నా సర్టిఫికెట్లు పట్టుకుని, అక్కడ పరీక్షలు చూసుకునే సారు గదిలోకి వెళ్ళి, "మా పిల్ల సార్. రాత ముత్యాల్లాగుంతాది" అని నిలబడ్డాడట. రికార్డుల సెక్షన్‌లో ఉద్యోగం అలా వచ్చింది. నా ముత్యాల్లాంటి రాత! దాని సంగతి తర్వాత చెప్తాను.

రోజూ సాయంత్రం ప్రతి కుందేలుకీ నూట యాభై గ్రాముల మేత తూచి పెట్టేవాడు. తెల్లారి గిన్నె తీసి, మిగిలింది మళ్ళీ తూచేవాడు. చదివింది ఐదో తరగతి. అంకెలు ఒక దాని మీద ఒకటి పడిపోయినట్టు రాసేవాడు. అందుకని ఆయన స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్కులో రఫ్‌గా రాసుకోవడం, శనివారం నేను దాన్ని కంపెనీ రిజిస్టర్లోకి ఎక్కించడం మాకు అలవాటైపోయింది. నిజానికి అలా చేయకూడదు. చూసింది చూసినప్పుడే రిజిస్టర్లో రాయాలని రూలు. రఫ్ పుస్తకం అనేది ఉండనే కూడదు. ఉండకూడదు కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

"అంత జాగ్రత్తగా తూస్తావేటి మావయ్యా, ఓ పిడికెడు అటూ ఇటూ అయితే ఎవరు చూడొచ్చారు?" అన్నాను ఒకసారి.

"కుందేలు అరవదమ్మీ" అన్నాడు. "కుక్కయితే మూలుగుద్ది. పిల్లయితే గీ పెడతాది. దీనికి ఎంత నొప్పున్నా నోరెత్తదు. మేత మిగిలిందంటే ఎక్కడో నొప్పున్నట్టు. అదే దాని మాట. ఆ మాట కూడా మనం సరిగా రాయకపోతే మరింకెందుకు?"

ఈ అలవాటు మనుషుల మీదికి కూడా వచ్చింది. ఎవరింటికెళ్ళినా ముందు కంచాలకేసి చూసేవాడు. మా నాన్నకి డయాలసిస్ మొదలైన కొత్తలో, ఇంటికొస్తుంటే బస్సులో నా టిఫిన్ డబ్బా అందుకుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "బరువుందేటి? తిన్లేదేటి? ఎవలేటన్నారు?" అని అడిగాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని భయమంతా షీలానగర్ వచ్చేలోగా కక్కేశాను. ఆయన ఏ సలహా ఇవ్వలేదు. డబ్బా మూత తీసి, "నాలుగు ముద్దలు తినీ. నాను సూత్తాను" అన్నాడు.

షాంపూలూ కాటుకలూ కూడా జంతువుల కళ్ళలో వేసి చూసిన రోజులు ఆయనకి తెలుసు. తర్వాత మన దేశంలో ఆ పరీక్షలు ఆపేశారు. మందులకి మాత్రం ఉన్నాయి. ఆపిన తర్వాత కూడా ఆయన ఇంట్లోకి షాంపూ పాకెట్ రానివ్వలేదు. అత్త కుంకుడుకాయలు కొట్టలేక విసుక్కునేది. "దిక్కుమాలిన కుందేళ్ళు నా నెత్తి మీదికొచ్చినాయి" అని ఆయన వినేలా తిట్టేది. ఆయన నవ్వుతూ తనే కూర్చుని కొట్టిపెట్టేవాడు.

జంతువుల మీద మందులు పరీక్షించాలా వద్దా అని వాళ్ళ చర్చిలో కాలేజీ కుర్రాళ్ళు ఒక ఆదివారం వాదించుకున్నారట. సగం మంది పాపం అన్నారు, సగం మంది అవసరం అన్నారు. అక్కడ పనిచేసేవాడు కదా అని ఆయన్ని లేపి అడిగారు. ఏం చెప్పాడో సాయంత్రం గోడ మీంచి నాకు చెప్పాడు.

"పిల్లలకి మందు పొయ్యాలంటే ముందు ఎక్కడో సూడాల గదా. మనుసులికి పనికొత్తాదంటే నానొద్దన్ను. ఇంకో దారి దొరికిన రోజున నా ఉజ్జోగం పోయినా సంతోసమే. గాని అమ్మీ, సూడ్డానికే గదా దాన్ని బోన్లో ఎట్టింది? సూసింది రాయనప్పుడు దాని కన్ను ఎందుకు పాడు సేసినట్టు? అది పాపం కాదు, దొంగతనం."

ఈ మాట అన్న రెండు నెలలకే ఆ దొంగతనం జరిగింది. చేసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి.

ఎవరిదో ఒక కంపెనీ కంటి చుక్కల మందు పరీక్షకి వచ్చింది. ఆరు కుందేళ్ళు. సోమవారం సాయంత్రం మేత పెడితే, మంగళవారం పొద్దుటికి ఆరూ గిన్నెలు నాకేశాయి. మంగళవారం పదింటికి సారు వాళ్ళు వచ్చి ఒక్కొక్కదానికీ ఒక కంట్లో చుక్క వేశారు. బుధవారం పొద్దున్న మూడు గిన్నెల్లో మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ మూడింటి కళ్ళూ వాచి, రెప్పలు అతుక్కుపోయాయి. మావయ్య నన్ను పిలిచి చూపించాడు. మూడూ వాటి వాటి బోనుల్లో ఒక మూలకి ముడుచుకుని కూర్చున్నాయి. ఒక్క చప్పుడు లేదు. ఆ గదిలో ఉన్నంత నిశ్శబ్దం నేను తర్వాత ఎక్కడా వినలేదు.

మందు పాస్ కావాలి. పాస్ కావాలంటే ఆ మూడు కుందేళ్ళూ చుక్క వేయకముందు నుంచే జబ్బుతో ఉన్నాయని చూపించాలి. జబ్బు కుందేళ్ళని లెక్కలోంచి తీసేయొచ్చు, మిగతా మూడూ బాగానే ఉన్నాయని రాసేయొచ్చు. మరి జబ్బెలా వచ్చింది? బట్టలు మార్చుకునే గదిలో మావయ్య సంచి వేలాడుతోంది. అందులో ఇంటికని కొన్న కొత్తిమీర కట్ట ఉంది. కాడలతో అత్త చేసే పచ్చడంటే ఆయనకి ప్రాణం. సారుకి అంతకన్నా ఏం కావాలి? అటెండరు బయటి ఆకులు పెట్టాడు, కుందేళ్ళకి కడుపు చెడింది. అయిపోయింది.

శనివారం సారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రిజిస్టర్ ఇంకా ఖాళీగా ఉంది. బుధవారం మిగిలిన మేతని మంగళవారం గడిలో రాయమన్నాడు. ఒక్క రోజు వెనక్కి, అంతే. "ఏముందమ్మా, ఒక గడి. నీ ప్రొబేషన్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది" అన్నాడు. మా నాన్న డయాలసిస్ ఆ కంపెనీ కార్డు మీద నడుస్తోంది. రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ తర్వాత, మావయ్య ఆకులు పెట్టాడని రాసిన విచారణ కాగితం మీద సాక్షిగా సంతకం కూడా పెట్టాను.

మావయ్యని ఆ వారమే తీసేశారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి, "నాన్నకెలగుందమ్మీ?" అని అడిగాడు, రోజూ అడిగినట్టే. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

తర్వాత ఏడేళ్ళు మా వీధిలోనే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చున్నాడు. ఆ వీధిలో సగం మంది ఆ లాబ్‌కి డ్రైవర్లుగానో హెల్పర్లుగానో వెళ్ళేవాళ్ళే. "ఏటి కొత్తిమీర బావా, కుందేళ్ళెలగున్నాయి?" అని నవ్వేవారు. పేరు పోయి కొత్తిమీర మిగిలింది. ఆయన కూడా నవ్వేవాడు. కానీ ఆ ఇంట్లోకి మళ్ళీ కొత్తిమీర రాలేదు. రసంలోకి కూడా అత్త వెయ్యలేదు. కుందేళ్ళు ఆయన చేతి వల్ల పాడవలేదని ఒక్క కాగితం రాసిమ్మని లాబ్ గేటు దాకా రెండుసార్లు వెళ్ళాడు. లోపలికి కూడా పోనివ్వలేదు. ఆయన అడిగిందల్లా అదొక్కటే.

మా నాన్న పోయాక నేను ఆ ఉద్యోగం మానేసి వేరే కంపెనీలో చేరాను. ఇప్పుడు నా పని ఏమిటో తెలుసా? రికార్డుల్లో రాసింది నిజమో కాదో చూడడం. ఎవరైనా దిద్దితే పట్టుకోవడం. నాకు చేతకాదా మరి! ఎలా దిద్దుతారో నాకన్నా ఎవరికి తెలుసు? మెడికల్ షాపులో కంటి చుక్కల సీసా కనిపిస్తే ఇప్పటికీ తిప్పి చూస్తాను. ఆ మందు ఏ పేరుతో బజార్లోకొచ్చిందో, అసలు వచ్చిందో లేదో నాకు తెలీదు. ఒక సీసా సంపాదించి, ఆ సారుని కుర్చీకి కట్టేసి, ఒక్క చుక్క ఆయన కంట్లో వేసి, మర్నాడు ఆయన కంచంలో ఎంత మిగిలిందో తూచాలని నాకుంది. ఏడేళ్ళుగా ఉంది. సిగ్గుపడకుండా చెప్తున్నాను.

బుధవారం సమాధి చేసొచ్చాక అత్త నన్ను లోపలికి పిలిచింది. బీరువాలోంచి పాలిథిన్ కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది. లోపల లాంగ్ నోట్‌బుక్కు. ఆ వారం రఫ్ పుస్తకం. మంగళవారం పేజీలో ఆరు సున్నాలు, వంకరగా. బుధవారం పేజీలో మూడు చోట్ల నూట యాభై.

"ఇది ఇంట్లో ఉందా?" అన్నాను. "ఇదుండి కూడా ఎందుకు ఊరుకున్నాడత్తా? ఇదొక్కటి చూపిస్తే చాలు కదా!"

"నానూ అదే అన్నాను. కొట్టుకున్నాను కూడా. ఏటన్నాడో తెలుసా? ఆ రిజిస్టర్లో రాత పిల్లది, ఇది బైటెడితే సారు తప్పించుకుంటాడు, పిల్ల దొరికిపోద్ది, ఆల నాన్న మంచం మీదున్నాడు, ఉండనీ అన్నాడు. మీ నాన్న పోయినాక మళ్ళీ అడిగినాను. ఇప్పుడు ఇంకో ఉజ్జోగం సేత్తంది, అదీ పోద్ది, ఉండనీ అన్నాడు."

నాకు అప్పుడు ఏడుపు రావాలి కదా? రాలేదు. మావయ్య మీద కూడా మండిపోయింది. ఎవరు పెట్టమన్నారు నాకా భిక్ష? నన్నడిగాడా? ఏడేళ్ళు ఆ వీధి చేత అనిపించుకుంటూ, పక్కగోడ అవతల నన్ను చల్లగా ఉంచాడు. అంతకన్నా పెద్ద శిక్ష నాకెవరూ వెయ్యలేరు.

గురువారం ద్వారకా నగర్ వెళ్ళాను. ఆ పేజీలు జిరాక్స్ తీయించి, జరిగింది జరిగినట్టు, నా పేరుతో సహా రాసి, మందుల మీద అజమాయిషీ చేసే ఆఫీసుకి ఒకటి, నా ఇప్పటి కంపెనీకి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మీరిది చదివేసరికి తేలిపోవచ్చు. నాకు దాని మీద బెంగ లేదు. బెంగల్లా ఆ కవర్లు ఎవరి టేబుల్ కిందకో పోతాయేమోనని. అందుకే మీకు కూడా చెప్తున్నాను. ఇంతమంది చేతుల్లో పడ్డాక దాన్ని ఏ టేబుల్ కిందా దాచలేరు.

శుక్రవారం మధ్యాహ్నం ఆదరణ కూడిక. పోయినవాళ్ళ ఇంటి దగ్గర చర్చివాళ్ళంతా చేరి పాటలు పాడతారు, ఆ మనిషి గురించి తెలిసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. వీధికి అడ్డంగా షామియానా వేశారు. సగం జనం లాబ్ వాళ్ళే. సారు కూడా వచ్చాడు! ఇప్పుడు ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫోటోకి పెద్ద దండ వేశాడు. పాస్టర్ గారు రెండు మాటలు చెప్పమంటే లేచాడు.

"చాలా సిన్సియర్ వర్కర్" అన్నాడు. "ఏదో చిన్న పొరపాటు జరిగింది. మనుషులన్నాక జరుగుతాయి. నేనైతే అప్పుడే క్షమించేశాను."

క్షమించేశాడట!

పాస్టర్ గారు, "ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" అన్నారు. నేను వాళ్ళ చర్చి మనిషిని కాను. అయినా లేచాను. నోట్‌బుక్కు తెరిచాను.

"సోమవారం సాయంత్రం పెట్టింది నూట యాభై. మంగళవారం పొద్దున్న మిగిలింది: ఒకటో కుందేలు సున్నా, రెండోది సున్నా, మూడోది సున్నా" అంటూ ఆరూ చదివాను. "మంగళవారం పదింటికి కంట్లో చుక్క వేశారు. బుధవారం పొద్దున్న మిగిలింది: ఒకటోది నూట యాభై. నాలుగోది నూట యాభై. ఐదోది నూట యాభై." ఆగి, సారుకేసి చూశాను. "కంపెనీ రిజిస్టర్లో బుధవారం లెక్క మంగళవారం గడిలో ఉంటుంది. రాసిన చెయ్యి నాది. పక్కన కూర్చుని రాయించింది ఈయన. మావయ్య కుందేళ్ళకి ఏమీ పెట్టలేదు. ఆ కొత్తిమీర పచ్చడికని కొనుక్కున్నాడు. సంతకం పెట్టి అబద్ధం చెప్పింది నేను."

వెనక వరసలో ఒక డ్రైవర్, ఎప్పుడూ ఆటపట్టించేవాడు, నెమ్మదిగా అడిగాడు. "అయితే కొత్తిమీర కాదన్నమాటేటి?"

"కాదు."

అతను తల దించుకున్నాడు. "ఓలమ్మో, ఏడేళ్ళు" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

సారు లేచాడు. "ఇది సందర్భం కాదమ్మా" అని, జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు. కారుకి అడ్డంగా వంటల వాళ్ళ వ్యాన్ ఉంది. డ్రైవర్లు అరడజను మంది ఉన్నారక్కడ. ఒక్కడూ వ్యాన్ తియ్యడానికి లేవలేదు. పాస్టర్ గారు తడబడుతూ ఆఖరి ప్రార్థన చేసేశారు.

అప్పుడు అత్త వచ్చింది. చేతిలో కంచం, నిండా అన్నం, కోడికూర. సారుని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో కంచం పెట్టింది. "మా ఇంటికొచ్చి తినకుండా ఎల్తారేటి సార్? తినండి" అంది. వంటల వాళ్ళ దగ్గరికెళ్ళి గుప్పెడు కొత్తిమీర తెచ్చి కూర కనబడకుండా చల్లింది. ఏడేళ్ళ తర్వాత ఆ ఇంటి ముందుకి వచ్చిన మొదటి కొత్తిమీర అది. అత్త ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ వెనక వీధంతా నిలబడింది.

సారు వేళ్ళతో అన్నం కలిపాడు. కొత్తిమీర ఆకులు వేళ్ళకి అంటుకున్నాయి. నోటి దాకా వెళ్ళలేదు. వ్యాన్ తీసేదాకా అలాగే కూర్చుని, తీయగానే కంచం కుర్చీ మీద పెట్టేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

అత్త కంచంలోకి వంగి చూసింది, అచ్చం మావయ్యలాగే. "మిగిల్చీసినాడు. రాయమ్మీ" అంది.

నోట్‌బుక్కులో ఆఖరి పేజీ ఖాళీగా ఉంది. శుక్రవారం అని రాశాను. కింద, సారు: పెట్టింది నిండు కంచం, మిగిలింది నిండు కంచం. నా అక్షరాలు ఎందుకో ఆయన అంకెల్లాగే వంకరపోయాయి.

అత్త ఇంకా నిలబడే ఉంది. ఆవిడ ఎటు చూస్తోందో చూశాను. నా పక్క కుర్చీ మీద, ఎప్పుడు పెట్టారో, నా కంచం. చల్లారిపోయింది. ఒక్క మెతుకు కదల్లేదు.

నోట్‌బుక్కులో సారు లెక్క కింద నా పేరు రాశాను.